లెక్క, పదును, పోయినాడు: మాట అర్థాన్నీ యాసనూ కాగ్నిటివ్ లింగ్విస్టిక్స్ ఎలా చదువుతుంది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఎం.ఏ. తెలుగు చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టుకు మా కడప యాస తీసుకుంటానంటే మా గైడ్ గారు ‘కాగ్నిటివ్ లింగ్విస్టిక్స్ పద్ధతిలో చెయ్యమ్మా’ అన్నారు. మాటకు అర్థం నిఘంటువులో ఉంటుంది. యాస అంటే వేరే మాటల పట్టిక. ఇందులో మనసు గురించి చదవడానికి ఏముంది? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నలో రెండు నమ్మకాలు ఉన్నాయి. అర్థం నిఘంటువులో కూర్చుని ఉంటుందనేది ఒకటి. యాస అంటే ‘వాళ్లు అది అంటారు, మేము ఇది అంటాం’ అనే రెండు వరుసల పట్టిక అనేది రెండోది. డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నేను కూడా మొదటి పదేళ్లు ఈ రెండూ నమ్మినవాణ్నే. ఎక్కడికి పోయినా జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. బొరుగులు–మరమరాలు, ఎర్రగడ్డ–ఉల్లిపాయ, ఉర్లగడ్డ–బంగాళాదుంప, మడక–నాగలి అని రాసుకుంటూ పోయాను. ఆ పట్టికలు తప్పేమీ కాదు. కానీ మన యాసలోని లోతైన తేడాలు వాటిలోకి రానే రావు. ఆ తేడాలు రెండు ప్రాంతాల్లోనూ ఒకేలా వినిపించే మాటల లోపల ఉంటాయి. మీ గైడ్ గారు చెప్పిన పద్ధతి పనికొచ్చేది సరిగ్గా అక్కడే.

ఇది నాకు తెలిసింది మీ ఊళ్లోనే. కొన్నాళ్లు ప్రొద్దుటూరులో పనిచేశాను. పక్క వాటాలో తెనాలి నుంచి బదిలీ మీద వచ్చిన లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. నెల మొదట్లో ఒకరోజు పొద్దున్నే పాలు పోసే ఆమె గడప దగ్గర నిలబడి, ‘సార్, పోయిన నెల లెక్క ఇంగా ఇయ్యల్యా’ అంది. ఆయన లోపలికి వెళ్లి గోడమీది క్యాలెండరు తీసుకొచ్చాడు. పాలు పోయించుకోని రోజులకు పెన్సిలుతో సున్నాలు చుట్టి పెట్టుకున్నాడు. ‘ఇదిగోమ్మా, ఇరవై ఏడు రోజులు, రోజుకు అర లీటరు. లెక్క కరెక్టుగా ఉంది చూడు’ అన్నాడు. ఆమె క్యాలెండరు వైపు చూడనైనా లేదు. ‘ఆ లెక్క సరే సార్, లెక్క ఇయ్యల్ల గదా’ అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. నేను మధ్యలోకి వెళ్లి, ‘డబ్బులు అడుగుతోంది సార్’ అని చెప్పాల్సి వచ్చింది.

కడపలో, కర్నూలులో, అనంతపురంలో చాలామందికి లెక్క అంటే డబ్బు. ‘చేతిలో లెక్కల్యా’ అంటే చేతిలో డబ్బు లేదని. కూడికలు తీసివేతలూ మనకు లెక్కలే, బడిలో లెక్కల సారూ ఉన్నాడు. పాలామె ఒకే వాక్యంలో రెండు అర్థాలనూ వాడింది, తడుముకోలేదు. తెనాలి ఆయన తలలో మాత్రం ఆ మాటకు ఒకటే దారి ఉంది. నా పట్టికలో ‘లెక్క’ లేదు. ఎందుకు ఉంటుంది? అది తెలుగువాళ్లందరి మాట కదా అనుకున్నాను.

ఇప్పుడు ఈ అర్థం ఎలా పుట్టిందో చూడండి. తెలుగులో డబ్బును చెప్పే మాటలు చాలావరకు ఒకప్పటి నాణేల పేర్లు. డబ్బు ఒక నాణెం, దుడ్డు ఒక నాణెం, పైసా ఒక నాణెం, రూక కూడా అంతే. నాణెం పేరు మొత్తం సొమ్ముకు పేరయింది. సీమ ‘లెక్క’ ఇంకో దారిలో వచ్చింది. అక్కడ లెక్కపెట్టే పని పేరు, లెక్కపెట్టే వస్తువుకు పేరయింది. ఒకదానికి ఆనుకుని ఉన్న ఇంకొకదాన్ని ఆ పేరుతోనే పిలవడం ఇది. కావ్యాలు చదివేటప్పుడు లక్షణ అని చదువుకుంటాం. దాన్నే కాగ్నిటివ్ లింగ్విస్టిక్స్ వాళ్లు మెటానిమీ అంటారు. కవుల అలంకారంగా కాకుండా, పాలు పోసే ఆమె కూడా రోజూ వాడే ఆలోచన పద్ధతిగా చూడటం ఈ శాస్త్రం తెచ్చిన పెద్ద మార్పు.

శాస్త్రం గురించి క్లుప్తంగా చెబుతాను. భాష తెలివి అనేది మెదడులో వేరే గది కాదు, చూడటం, పోల్చడం, గుర్తుపెట్టుకోవడం లాంటి మామూలు తెలివితోనే భాషా నడుస్తుంది అన్నవాళ్లు 1970లు, 80లలో ఒక దారి పట్టారు. జార్జ్ లేకాఫ్, రోనాల్డ్ లాంగాకర్, చార్ల్స్ ఫిల్మోర్, లెనార్డ్ టాల్మీ అందులో ముందువరుస వాళ్లు. 1989లో జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో అంతర్జాతీయ సదస్సు పెట్టుకున్నారు, మరుసటి ఏడు పత్రిక తెచ్చారు. ఈ చరిత్ర మీ రిపోర్టులో ఒక పేజీకి మించకూడదు. మీకు పనికొచ్చేది వాళ్లు అర్థాన్ని చూసిన తీరు.

ఎలీనోర్ రోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక సులువైన ప్రశ్న వేసింది. ఒక జాతి కిందికి వచ్చేవన్నీ మనకు సమానమేనా? ఆమె అడిగిన అమెరికా విద్యార్థులకు రాబిన్ పిట్ట చాలా మంచి ‘పక్షి’. కోడి, పెంగ్విన్ అంత మంచి పక్షులు కావు. మన పిల్లల్ని పక్షి బొమ్మ వేయమనండి. పిచ్చుకో చిలుకో వేస్తారు. కోడిని వేసేవాడు తక్కువ, ఆ కోడి రోజూ వాడి వాకిట్లోనే తిరుగుతున్నా సరే. అంటే మాట అర్థం చుట్టూ గెనిమ (గట్టు) వేసిన మడి లాంటిది కాదు. దీపం వెలుతురు లాంటిది. దగ్గర బాగా కనిపిస్తుంది, దూరం పోయేకొద్దీ మసకబారుతుంది, ఎక్కడ ఆగిందో గీత గీసి చెప్పలేం. ఆ నడిమి వెలుతురునే ప్రోటోటైప్ అంటారు. ఆటలన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒక్కటీ లేదు, ఒక కుటుంబంలో ముక్కులూ కళ్లూ కలిసినట్టు అక్కడక్కడ పోలికలు మాత్రం ఉన్నాయి అని తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ చెప్పిన మాట 1953లో అచ్చయింది. రోష్ దాన్ని మనుషుల్ని అడిగి పరీక్షించదగ్గ విషయంగా మార్చింది.

మీ పనికి మరింత దగ్గరగా వచ్చేది అమెరికా భాషావేత్త విలియం లబోవ్ చేసిన కప్పుల ప్రయోగం. 1973లో అచ్చయింది. కప్పు బొమ్మల్ని కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తూ చూపి, దీన్ని ఏమంటారు అని అడిగాడు. ఒక దశ దాకా అందరూ కప్పు అన్నారు, చివర్లో అందరూ బౌల్ అన్నారు, మధ్యలో జనం చీలిపోయారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. అదే పాత్రలో కాఫీ ఉందనుకోమంటే కప్పు అనేవాళ్లు పెరిగారు, ఉడికించి మెదిపిన ఉర్లగడ్డ ఉందనుకోమంటే బౌల్ అనేవాళ్లు పెరిగారు. పాత్ర మారలేదు, పేరు మారింది.

దీన్ని నేను క్లాసులో చేయించాను. ఇళ్లనుంచి స్టీలు పాత్రలు తెమ్మన్నాను. మెడ సన్నగా ఉన్నది చెంబు, ఇందులో గొడవ లేదు. మెడ దాదాపు లేని, నోరు కొంచెం వెడల్పున్న ఒక పాత్ర దగ్గర క్లాసు రెండుగా చీలింది. నీళ్లు పోసి పెడితే చెంబు అన్న పిల్లే, రసం ఉందనుకో అంటే గిన్నె అంది. ‘ఇందాక చెంబన్నావు కదమ్మా’ అంటే, ‘చెంబులో రసం ఎవురన్నా పోస్తారా సార్?’ అంది. ఆ అమ్మాయి మాటలో సిద్ధాంతమంతా ఉంది. పాత్ర ఆకారంతో పాటు, అది ఇంట్లో ఏ పనికి, ఎవరి చేతికి వస్తుంది అనేదీ అర్థంలో భాగమే.

ఇక పోవడం, వెళ్లడం. ఇది నాకు తగిలిన దెబ్బ కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కోస్తాలోని ఒక పట్నంలో శిక్షణ తరగతులకు వెళ్లాను. మీ ప్రిన్సిపాల్ గారు ఎలా ఉన్నారని ఒకాయన అడిగితే, ‘ఆయన నిన్ననే పోయినాడు సార్’ అన్నాను. గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు. ‘అయ్యో, ఎలా జరిగింది?’ అన్నారు. ఊరికి పోయినాడని నేను చెప్పాక నవ్వులు మొదలయ్యాయి. మూడు రోజులూ ఆ మాటే పట్టుకుని నన్ను పలకరించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు కోస్తావాళ్ల ముందు నోరు తెరవాలంటే ముందు లోపల ‘వెళ్లారు’ అని ఒకసారి అనుకునేవాణ్ని. తప్పు మాట్లాడానన్న భావం అంత లోతుగా దిగింది. అందులో తప్పేమీ లేదని చెప్పగలిగే చదువు అప్పుడు నాకు లేదు.

ఇప్పుడు చెబుతాను వినండి. కోస్తా మాటలో కదిలి వెళ్లడానికి ‘వెళ్లు’ రోజువారీ మాట. ఆ చోటు అది ఆక్రమించాక ‘పోవు’ పక్కకు జరిగింది. పర్సు పోయింది, పరువు పోయింది, ప్రాణం పోయింది అన్నట్టు పోగొట్టుకోవడం వైపు దాని బరువు చేరింది. మనిషి మీద వాడితే చావు, లేదా మర్యాదలేనితనం వినిపిస్తుంది. సీమలో ‘వెళ్లు’ ఇంటిమాట కాదు. కాబట్టి ‘పోవు’ తన పాత చోటే ఉంది. మనకూ పర్సు పోతుంది, ప్రాణం పోతుంది, కానీ మాట నడిమధ్యన ఉన్నది నడక. ‘మీ నాయన ఏడికి పోయినాడు?’ అన్న ప్రశ్నలో అమంగళమూ లేదు, అమర్యాదా లేదు. చూశారా, మాట అర్థం దాని లోపలి నుంచి మాత్రమే తేలదు. పక్కన ఏ మాట కాపురముంటోందో దాన్నిబట్టి కూడా దాని కేంద్రం జరుగుతుంది. నిఘంటువులో ‘పోవు’ కింద ఈ అర్థాలన్నీ వరసగా దొరుకుతాయి. ఏది ఎవరికి నడుమ, ఏది ఎవరికి అంచు అన్నది మాత్రం ఆ వరసలో కనిపించదు.

‘గమ్మున’ కూడా చూడండి. కోస్తాలో ‘గమ్మున రా’ అంటే త్వరగా రమ్మని. మన దగ్గర ‘గమ్మునుండు’ అంటే నోరు మూసుకుని ఉండమని. ‘అంగడి’ మనకు సరుకులు కొనే షాపు, తెలంగాణలో వారానికోసారి జరిగే సంత. ‘జేజి’ మనకు నాయనమ్మ, వేరేచోట చిన్నపిల్లలకు చూపించే దేవుడు. ఇలాంటివి ఇరవై పోగుచేసినా మీ ప్రాజెక్టుకు సరిపోతుంది.

తిండి మాటల దగ్గర మాత్రం ఆగండి, అక్కడ విషయం చిక్కగా ఉంది. కోస్తాలో ‘బువ్వ’ చంటిపిల్లలతో మాట్లాడే మాట. మన పల్లెల్లో ‘బువ్వ తింటివా?’ అని అరవై ఏళ్ల మనిషిని అరవై ఏళ్ల మనిషి అడుగుతాడు. తిన్నది జొన్న సంగటి అయినా సరే, అడిగేది బువ్వే. వరి అన్నమైతే ‘వరి బువ్వ’ అని విడిగా చెప్పేవాళ్లు మా ఇంట్లో. దేనికి ప్రత్యేకంగా గుర్తు పెడతారో అది మామూలుది కాదన్నమాట. వరి పండే చోట అన్నానికి ముందు వరి అని ఎవరూ చెప్పుకోరు. మెట్ట సీమలో జొన్న, కొర్ర, రాగి మామూలు, వరి పండగపూటది. ఒక విశేషణం ఉండటం, లేకపోవడంలో ఆ ఇంటి పంట, పేదరికం రెండూ కనిపిస్తాయి. ఇప్పుడు ‘సంగటి’ని చూడండి. మా జేజికి సంగటి అంటే ఏ గింజతోనైనా వండి ముద్ద చేసేది. ఈ రోజు హైవే పక్క హోటల్ బోర్డు మీద సంగటి అంటే రాగి సంగటే, పక్కన నాటుకోడి పులుసు ఉండాల్సిందే. రెండు తరాల్లో ఆ మాట నడుమ గింజ మారింది, పూట మారింది, తినే మనిషి హోదా కూడా మారింది. దీన్ని మీరు మీ ఇంట్లోనే రికార్డు చేయవచ్చు.

బహుళార్థాల గురించి మీ గైడ్ తప్పకుండా అడుగుతారు. నేనైతే ‘పదును’ తీసుకోమంటాను. కొడవలికి పదును ఉంటుంది. చేనికీ పదును ఉంటుంది. ఇవి పేరు కలిసిన రెండు వేరే మాటలని చాలామంది పిల్లలు రాస్తారు. తాడిపత్రి దగ్గర మా ఊళ్లో మా నాయన వాన పడిన మర్నాడు చేనిలోకి పోయి, కాలి బొటనవేలితో పైమట్టి తోసి, కిందినుంచి పిడికెడు మట్టి తీసేవాడు. అరచేతిలో ఉండ చేసి, నడుమెత్తునుంచి వదిలేవాడు. ఉండ బురద ముద్దలా అట్లనే పడితే ‘ఇంగా ఆరల్ల’ అనేవాడు. చేతిలోనే పొడి అయిపోతే ఆ వాన చాల్లేదని. కిందపడి మూడు నాలుగు పెళ్లలుగా విడిపోతే, ‘పదునుండాది, గొర్రు కట్టు’ అనేవాడు. కమ్మరి కొలిమి దగ్గర కొడవలిని కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ చూసి, ఇంత చాలు అని ఆపేదీ పదునే. ఎక్కువైతే విరుగుతుంది, తక్కువైతే వంగుతుంది. బెల్లం పాకానికీ పదును ఉంది. నాకు వీటన్నిటిలో కనిపించే దారం ఒకటే: పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి, ఎక్కువా తక్కువా కానిది. ‘అదనూ పదనూ చూసి విత్తు’ అన్న పెద్దల మాటలో అదను కాలానిది, పదను మట్టిది. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఆ మాటకు నడుమ మట్టి ఉంది. పట్నంలో పుట్టిన నా విద్యార్థులకు నడుమ కత్తి ఉంది. ఒకే జిల్లా, ఒకే యాస, అయినా కేంద్రం వేరు. యాసంటే ఊళ్ల మధ్య తేడా మాత్రమే కాదు. వృత్తి, వయసు, చదువు కూడా మాటను చీలుస్తాయి. ఇది మర్చిపోవద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త. వానకు మనకు ఎన్నో మాటలున్నాయి కాబట్టి మన ఆలోచనే వేరని రాయొద్దు. ఎస్కిమోలకు మంచుకు వందల మాటలున్నాయన్న కథ అలాగే చేతులు మారి పెరిగింది, భాషావేత్తలు తర్వాత దాన్ని సరిచేయాల్సి వచ్చింది. మాటల సంఖ్య మీకు ఏమీ రుజువు చేయదు. వాడుకను చూపించండి.

రూపకాల గురించి లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ కలిసి 1980లో చెప్పింది మీకు ఎక్కడైనా దొరుకుతుంది. కోపాన్ని వేడిగా చూస్తాం. మండిపడ్డాడు, ఉడికిపోయాడు, చల్లబడ్డాడు. చాలామంది ప్రాజెక్టు ఇక్కడే మొదలుపెట్టి ఇక్కడే ముగిస్తారు, మీరు ఆ పని చేయకండి. దానికన్నా ‘పచ్చ’ మంచిది. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. కాయ పచ్చి, అబద్ధం పచ్చి, బాలింత పచ్చి. సంసారం పచ్చగా ఉండాలంటాం. ఎండిన నేల మీద ఉన్నవాళ్లకు పచ్చ అంటే రంగు కంటే ముందు బతుకు.

ఫిల్మోర్ చెప్పిన ఫ్రేమ్ అనే భావన మాత్రం వదలొద్దు. ఒక మాట అర్థం కావాలంటే దాని వెనక ఉన్న మొత్తం సన్నివేశం తెలిసి ఉండాలంటాడాయన. మన ‘కోరు’, ‘గుత్త’ తీసుకోండి. రెండూ ఒకరి భూమిని ఇంకొకరు చేసుకోవడమే. కోరుకు ఇస్తే పండిన పంటను పంచుకుంటారు. గుత్తకు ఇస్తే పండినా పండకపోయినా ఒప్పుకున్నది కట్టాలి. వాన రాని ఏడు ఎవరు మునుగుతారన్నది ఆ మాటల్లోనే ఉంది. భూమి, ఆసామి, చేసుకునేవాడు, వాన, ఇవన్నీ తెలియకుండా ఆ మాటలకు అర్థం చెప్పలేరు.

మన ప్రాంతం పేరే ఫ్రేముకు పెద్ద ఉదాహరణ. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేస్తే ఇవి ‘సీడెడ్’ జిల్లాలు, దత్తమండలాలు అయ్యాయి. ఆ పేరులో మన నేల ఎవరో ఎవరికో ఇచ్చిన వస్తువు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్నారు. ఆయన అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన భాషా పరిశోధకుడు. నేల అదే, కానీ కొత్త పేరుతో దాని వెనక సన్నివేశం మారిపోయింది. కాగితం మీద చేతులు మారిన జిల్లాలు పోయి, రాయలు ఏలిన సీమ వచ్చింది. అయినా పాత మాట చావలేదు. సినిమా వ్యాపారంలో ఈ రోజుకీ ‘సీడెడ్ కలెక్షన్లు’ అనే అంటారు. అక్కడ ఫ్రేము పంపిణీ హక్కులది, అందులో మళ్లీ మన నేల ఒకరు ఇంకొకరికి రాసిచ్చే ఏరియానే. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు గుచ్చుకుంటుంది.

ఇక యాసను లెక్కగట్టడం. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో డిర్క్ గీరార్ట్స్, ఆయన తోటివాళ్లు డచ్చి భాష మీద చేసిన పని మీకు దారి చూపిస్తుంది. నెదర్లాండ్స్‌లోనూ, బెల్జియం ఉత్తర భాగంలోనూ డచ్చి మాట్లాడతారు, మాటలు కొంత వేరు. వాళ్లు బట్టల పేర్లు తీసుకున్నారు. పత్రికల్లో బట్టల బొమ్మలూ, వాటి పక్కన రాసిన పేర్లూ చూశారు. బొమ్మ ఉంది కాబట్టి వస్తువు ఏమిటో మాటతో సంబంధం లేకుండా తెలుస్తుంది. ఈ మాటను ఏ వస్తువులకు వాడుతున్నారు అన్నది ఒక ప్రశ్న, ఈ వస్తువును ఏ మాటలతో పిలుస్తున్నారు అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ విడదీసి, రెండింటినీ అడగాలి. ‘లెగింగ్’ అన్న మాట 1980ల చివర్లో కొత్తగా వచ్చినప్పుడు ఒక రకం బట్టకే ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ నడుమ భాగం అలాగే ఉంటూ అంచులు ఎలా విస్తరించాయో చూపించారు. మనకు ‘నైటీ’ ఉంది కదా. రాత్రి పడుకునేటప్పుడు వేసుకునేది అని మొదలై, భుజం మీద తువ్వాలు వేసుకుని పొద్దున పాల ప్యాకెట్టుకు వెళ్లేటప్పుడు వేసుకునేదైంది. మాటలోని రాత్రి ఇప్పుడు ఎవరికీ వినిపించదు.

మీరు చేయదగ్గ లెక్క ఒకటి చూపిస్తాను. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలు అంటారు, అనంతపురం వైపు శెనక్కాయలు అంటారు. అంతటితో ఆపేస్తే పాత పట్టికే. ఒక్కో ఊళ్లో పదిమందిని అడగండి. లెక్క అర్థం కావడానికి నేను ఊహించి వేస్తున్న అంకెలివి. ఒక ఊళ్లో ఏడుగురు బుడ్డలు, ముగ్గురు శెనక్కాయలు అన్నారు. ఇంకో ఊళ్లో ఒకరు బుడ్డలు, తొమ్మిదిమంది శెనక్కాయలు. ప్రతి మాటకూ రెండు అంకెల్లో చిన్నది తీసుకుని కూడండి: ఒకటి, మూడు, మొత్తం నాలుగు. పదికి నాలుగు, అంటే ఈ వస్తువు విషయంలో ఈ రెండు ఊళ్ల పోలిక 40 శాతం. ముప్పై వస్తువులకు ఇలా చేసి సగటు తీస్తే రెండు ఊళ్ల మాట ఎంత దగ్గరో తెలుస్తుంది. అవే వస్తువుల్ని వయసువారీగా విడదీస్తే, దగ్గరవుతున్నాయా దూరమవుతున్నాయా తెలుస్తుంది. గీరార్ట్స్ వాళ్లు 1950, 1970, 1990 నాటి పత్రికలను ఈ రకంగానే పోల్చారు. కానీ ముందు వస్తువు ఒకటేనని ఖాయం చేసుకోండి. అడిగేది పొట్టుతో ఉన్న కాయనా, వలిచిన గింజనా, చేనిలోని చెట్టునా? గుప్పెడు కాయలు చేతిలో పట్టుకుని వెళ్లండి.

యాస అన్నదానికే ఒక ప్రోటోటైప్ ఉంటుందని 2000ల తర్వాత కొందరు గట్టిగా చెబుతున్నారు. ఈ శాఖను కాగ్నిటివ్ సోషియోలింగ్విస్టిక్స్ అంటారు. ‘సీమ యాస మాట్లాడు’ అని ఎవరినైనా అడగండి. గొంతు బొంగురు చేసి, తొడగొట్టే ఫ్యాక్షన్ నాయకుడిలా మాట్లాడతారు. సినిమా ఇచ్చిన నమూనా అది. కొన్ని ఇళ్ల కథ మొత్తం ప్రాంతానికి గొంతయింది. పాలామె గొంతు, ఉండ చేసి పదును చూసే మనిషి గొంతు సీమ యాసగా ఎవరి తలలోకీ రావు. మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయం దీనికి ఇవ్వండి. ఒకే వాక్యాన్ని ఇద్దరు ముగ్గురు చేత చెప్పించి, విన్నవాళ్లు ఆ మనిషిని ఎలా ఊహించుకున్నారో రాయించండి. మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లినప్పుడు ఏం ఎదుర్కొంటున్నారో అందులో తేలుతుంది.

మొదలుపెట్టడానికి మీకు ఎక్కువ దూరం పోవాల్సిన పని లేదు. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన చోటే ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. 1852లో వచ్చిన ఆయన నిఘంటువులో మీరు తీసుకున్న ప్రతి మాటనూ చూడండి. ఆనాటికి ఏ అర్థం ముందుందో, ఏది లేదో రాసుకోండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేసిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చింది. తర్వాత చేనేత సంపుటం వచ్చింది. మీది ప్రొద్దుటూరు కాబట్టి చేనేత సంపుటం మీకు వ్యవసాయానికన్నా దగ్గర కావచ్చు. మగ్గం ముందు కూర్చుని ఒక్కో వస్తువునూ చూపిస్తూ అడిగితే, పుస్తకంలో ఉన్న మాట ఇప్పుడు ఎవరి నోట ఉందో తెలిసిపోతుంది.

అడిగే తీరు గురించి ఒక్క మాట. ‘మీరు దీన్ని ఏమంటారు?’ అని కాగితం పట్టుకుని అడిగితే, సగంమంది మీకోసం పుస్తకం మాట చెబుతారు. మీ ముందు యాస దాచుకుంటారు, నేను దాచుకున్నట్టే. పని చేస్తుండగా పక్కన కూర్చోండి. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి, సరేనన్నాకే ఫోను ఆన్ చేయండి. పది నిమిషాల తర్వాత ఫోను సంగతి మర్చిపోతారు, అప్పుడు వచ్చే మాటే మీకు కావాల్సింది. పదాన్ని ఒంటరిగా రాసుకోవద్దు. ఎవరు, ఎవరితో, ఏం చేస్తూ అన్నారో వాక్యంతో సహా రాయండి.

మొదటి ఇల్లు మీదే చేసుకోండి. మీ జేజి ఉంటే, ఆమె పొయ్యి దగ్గర ఉన్నప్పుడు, చిన్నప్పుడు వాళ్లింట్లో సంగటి దేనితో చేసేవాళ్లో, వరి బువ్వ ఏ రోజు వండేవాళ్లో అడగండి. తర్వాత అదే ప్రశ్న మీ అమ్మను, మీ తమ్ముణ్ని అడిగి, మూడు జవాబులూ ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.